మెంఫిస్ ముగ్గురు

రాక్ అండ్ రోల్ ట్రయో అమెరికాలోని టెనెసీ రాష్ట్రం, మెంఫిస్ నగరం నుంచి వచ్చిన ముగ్గురు యువకుల సంగీత బృందం. జానీ బర్నెట్ పాడుతూ గిటారు వాయించేవాడు. అతని అన్న డార్సీ బర్నెట్ మనిషెత్తు ఉండే డబుల్ బేస్ పట్టేవాడు. లీడ్ గిటారు పాల్ బర్లిసన్‌ది. పేరున్న రికార్డు కంపెనీ అండతో ఈ బృందం నడిచింది 1956 మే నుంచి 1957 చివరి నెలల దాకా, అంటే ఏడాదిన్నర. అందులో అసలు ముగ్గురూ కలిసి ఉన్నది సగం కాలం కూడా కాదు. వీళ్ల రికార్డుల్లో ఒక్కటీ దేశవ్యాప్త అమ్మకాల పట్టికకు ఎక్కలేదు. అయినా బీటిల్స్ మొదలుకొని లెడ్ జెప్లిన్, ఏరోస్మిత్ దాకా తర్వాతి తరం వాళ్లు వీళ్ల పాటలను వెతికి పట్టుకుని మరీ వాయించారు.

వీళ్ల కథ ఎక్కడ మొదలుపెట్టినా ఎల్విస్ ప్రెస్లీ ఎదురవుతాడు. ఈ ముగ్గురికి రికార్డు కంపెనీ తలుపు తెరుచుకుందంటే ఎల్విస్ సాధించిన విజయమే కారణం. వీళ్లు విడిపోవడానికీ, కాస్త చుట్టు తిరిగి వచ్చినా, అదే కారణం.

మెంఫిస్ మిసిసిపీ నది ఒడ్డున పత్తి వ్యాపారంతో పెరిగిన ఊరు. దక్షిణాన ఉన్న డెల్టా పొలాల నుంచి నల్లజాతి కూలీలు బతుకుతెరువు వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చేవారు. వాళ్ల వెంట బ్లూస్ వచ్చింది. పల్లెల నుంచి వచ్చిన పేద తెల్లవాళ్లు ఫిడేలు, గిటారు మీద పాడుకునే కంట్రీ పాటలను తెచ్చుకున్నారు. బడి, బస్సు, హోటలు అన్నీ రంగును బట్టి వేరు చేసిన కాలం అది. సంగీత వ్యాపారంలోనూ అదే తీరు. బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ పాటలకు ఒక పట్టిక, నల్లవాళ్ల రిథమ్ అండ్ బ్లూస్‌కు ఒక పట్టిక, పాప్‌కు మరో పట్టిక వేసేది. రేడియోకు మాత్రం ఈ గోడలు అడ్డం రాలేదు. డబ్ల్యూడీఐఏ అనే మెంఫిస్ స్టేషన్ 1940ల చివరి నుంచి నల్లజాతి శ్రోతల కోసమే కార్యక్రమాలు నడిపింది. వాటిని తెల్ల కుర్రాళ్లు తమ ఇళ్లలో కూర్చుని వింటుంటే ఆపేదెవరు?

డార్సీ 1932 డిసెంబర్ 28న, జానీ 1934 మార్చి 25న మెంఫిస్‌లోనే పుట్టారు. వాళ్లు పెరిగింది లాడర్‌డేల్ కోర్ట్స్ అనే ప్రభుత్వ గృహ సముదాయం ఉన్న పేటలో. మిసిసిపీ రాష్ట్రంలోని టుపెలో నుంచి వలస వచ్చిన ప్రెస్లీ కుటుంబం 1949లో ఆ సముదాయంలోనే ఒక వాటాలో దిగింది. అన్నదమ్ములిద్దరికీ చేతి దురద ఎక్కువ. గోల్డెన్ గ్లోవ్స్ అనే ఔత్సాహిక బాక్సింగ్ పోటీల్లో ఇద్దరూ దిగారు. పొట్టకూటికి మిసిసిపీ నది మీద సరుకు మోసే బార్జీల్లో పనిచేశారు. జానీ ఆ ప్రయాణాల్లోనూ గిటారు వదిలిపెట్టేవాడు కాదంటారు.

పాల్ బర్లిసన్ వాళ్లకంటే పెద్దవాడు. 1929 ఫిబ్రవరి 4న టెనెసీలోనే బ్రౌన్స్‌విల్‌లో పుట్టాడు. అతనూ బాక్సరే. 1949లో గోల్డెన్ గ్లోవ్స్ పోటీల దగ్గరే డార్సీతో పరిచయమైంది, డార్సీ ద్వారా జానీతో స్నేహం కుదిరింది. ముగ్గురిలో బ్లూస్‌ను దగ్గర నుంచి చూసినవాడు బర్లిసనే. నదికి అవతలి ఒడ్డున, అర్కన్సా రాష్ట్రంలో ఉన్న వెస్ట్ మెంఫిస్‌లో కేడబ్ల్యూఈఎం అనే చిన్న రేడియో స్టేషన్ ఉండేది. బ్లూస్ దిగ్గజం హౌలిన్ వుల్ఫ్ అక్కడ పాడేవాడు. 1951 ప్రాంతంలో ఆయన కార్యక్రమంలో బర్లిసన్ కూడా కొన్నిసార్లు గిటారు వాయించాడు. నల్లజాతి గాయకుడి పక్కన తెల్లవాడు కూర్చున్నాడని తెలిస్తే గొడవ, అందుకే అతని పేరు గాలిలోకి వెళ్లేది కాదు. హౌలిన్ వుల్ఫ్ అసలు పేరు చెస్టర్ బర్నెట్. మన బర్నెట్ అన్నదమ్ములకూ ఆయనకూ చుట్టరికమేమీ లేదు. బర్లిసన్ వేళ్ల ద్వారా పాటలోనే ఆ చుట్టరికం కలిసింది.

డార్సీ, బర్లిసన్ ఇద్దరూ ఎలక్ట్రీషియన్లుగా క్రౌన్ ఎలక్ట్రిక్ కంపెనీలో చేరారు. 1954లో అదే కంపెనీలో ట్రక్కు డ్రైవరు ఎల్విస్ ప్రెస్లీ. పగలు పని, వారాంతాల్లో ఊరి చివరి బార్లలో పాట, ఇదీ ముగ్గురి దినచర్య. మిసిసిపీ రాష్ట్రం బూన్‌విల్‌లో వాన్ అనే చిన్న కంపెనీకి ఒక రికార్డు కూడా ఇచ్చారు. అది ఎవరి చెవినా పడలేదు. మెంఫిస్‌లోనే ఉన్న సన్ రికార్డ్స్ అధినేత శామ్ ఫిలిప్స్ మాత్రం వీళ్లవి ఒక్క పాటా విడుదల చేయలేదు. 1954 జూలై 5న అతని స్టూడియోలో పాడి చరిత్రకెక్కింది ట్రక్కు డ్రైవరు. ఆ రోజు ఎల్విస్ వెనక ఉన్నది ఇద్దరే: గిటారు మీద స్కాటీ మూర్, బేస్ మీద బిల్ బ్లాక్. డ్రమ్ములు లేవు. బర్నెట్ల బృందానిదీ సరిగ్గా ఇదే అమరిక. తర్వాత ఈ ముగ్గురినీ ఎల్విస్‌కు నకలని కొట్టిపారేసిన వాళ్లు గమనించనిది ఇదే. ఒకే పేటలో పెరిగి, ఒకే రేడియో విని, ఒకే కంపెనీ జీతం తీసుకున్నవాళ్లు ఒకే తీరు పాట పాడటంలో ఆశ్చర్యం లేదు.

ఆ తీరుకు రాకబిల్లీ అని పేరు స్థిరపడింది. తెల్లవాళ్ల పల్లె పాటను ఎగతాళిగా హిల్‌బిల్లీ అనేవారు. అందులో నల్లవాళ్ల రిథమ్ అండ్ బ్లూస్ వేగం, ఊపు కలిస్తే రాకబిల్లీ. దీని గుండె బేస్‌లో ఉంది. నాటి కంట్రీ బృందాలు డ్రమ్ములను దగ్గరికి రానిచ్చేవి కావు కాబట్టి తాళం బాధ్యత కూడా బేస్ వాయించేవాడి మీదే పడేది. వేలితో లావుపాటి తీగను గట్టిగా బయటికి లాగి వదిలితే అది వెనక్కి వచ్చి చెక్క మీద టప్‌మని కొట్టుకుంటుంది. వెంటనే అరచేత్తో తీగలన్నిటినీ కలిపి చరిస్తే ఇంకో పొడి చప్పుడు. స్వరానికి స్వరం, దరువుకు దరువు, రెండూ ఒకే వాయిద్యం లోంచి. డార్సీ బాక్సింగ్ చేతులకు ఇది బాగా పట్టుబడింది.

1955 నవంబర్‌లో ఆర్‌సీఏ కంపెనీ శామ్ ఫిలిప్స్‌కు 35,000 డాలర్లు కట్టి ఎల్విస్ ఒప్పందాన్ని కొనుక్కుంది. 1956 జనవరిలో వచ్చిన అతని హార్ట్‌బ్రేక్ హోటల్ వసంతకాలానికల్లా దేశమంతటా మొదటి స్థానానికి చేరింది. ఇక ప్రతి కంపెనీకీ సొంతంగా ఒక ఎల్విస్ కావాల్సి వచ్చాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే మెంఫిస్‌లో ఎలక్ట్రికల్ పనులు తగ్గి, ముగ్గురూ అదృష్టం పరీక్షించుకోవడానికి న్యూయార్క్ బయల్దేరారు.

అక్కడ వాళ్లు చేరింది టెడ్ మాక్ నడిపే ఒరిజినల్ అమెచ్యూర్ అవర్ అనే టెలివిజన్ కార్యక్రమానికి. అప్పటికి రెండు దశాబ్దాల చరిత్ర ఉన్న పోటీ అది. మేజర్ బోస్ చేతిలో రేడియోలో మొదలైంది. 1935లో కుర్రవాడైన ఫ్రాంక్ సినాత్రా కూడా ఆ గడప తొక్కినవాడే. ప్రేక్షకులు ఫోన్లు చేసి, పోస్టు కార్డులు రాసి విజేతను ఎన్నుకునేవారు. తర్వాతి కాలపు టీవీ పాటల పోటీల ఎస్సెమ్మెస్ ఓట్లకు పూర్వరూపమన్నమాట. రాక్ అండ్ రోల్ ట్రయో 1956 వసంతంలో వరుసగా మూడుసార్లు గెలిచి ఫైనల్స్‌కు అర్హత సంపాదించింది. బ్యాండ్ నడిపే హెన్రీ జెరోమ్ మేనేజర్‌గా వచ్చాడు. డెక్కా సంస్థకు అనుబంధమైన కోరల్ రికార్డ్స్‌తో ఒప్పందం కుదిరింది.

కోరల్ అప్పటికి మెత్తని పాప్ పాటలకు పేరు. మెక్‌గైర్ సిస్టర్స్, తెరెసా బ్రూవర్, లారెన్స్ వెల్క్ లాంటి వాళ్లు దాని తారలు. అక్కడ పాటల ఎంపిక చూసే బాబ్ థీల్ అభిరుచి ఉన్న మనిషి, తర్వాతి కాలంలో జాన్ కోల్ట్రేన్ జాజ్ ఆల్బమ్‌లను నిర్మించింది ఆయనే. అయినా ఆ కంపెనీ యంత్రాంగానికి రాకబిల్లీని ఎవరికి అమ్మాలో, ఏ రేడియో స్టేషన్ చేత వేయించాలో తెలియదు. ఈ సంగతి ఆ తర్వాత బయటపడింది.

మొదటి రికార్డింగు 1956 మే 7న న్యూయార్క్‌లోని పిథియన్ టెంపుల్‌లో జరిగింది. రెండేళ్ల కిందట బిల్ హేలీ తన రాక్ అరౌండ్ ద క్లాక్ పాడింది ఈ హాల్లోనే. ముగ్గురూ అక్కడ చేసిన పాటల్లో టేర్ ఇట్ అప్ మొదటి సింగిల్‌గా వెలువడింది. రెండు నిమిషాలు కూడా నిండని పాట అది. జానీ గొంతు బొంగురుగా మొదలై, మధ్యలో అరుపుగా మారి, గిటారు వంతు వచ్చినప్పుడు కేకై ఎగురుతుంది. ఎల్విస్ పాటలో ఎంత అల్లరి ఉన్నా ఒక లాలన ఉండేది, శ్రోతను మాటల్లో పెట్టే గుణం ఉండేది. జానీలో అది లేదు. రింగులోకి దూకినవాడిలాగే పాటలోకి దూకాడు.

జూలైలో నాష్‌విల్ వెళ్లారు. అక్కడ 16వ అవెన్యూలో ఓవెన్ బ్రాడ్లీ, హెరాల్డ్ బ్రాడ్లీ అనే అన్నదమ్ములు ఒక ఇంటి వెనక, సైన్యం వాడే తరహా అర్ధవృత్తాకారపు రేకుల షెడ్డు వేసి స్టూడియో నడిపేవారు. జూలై మొదటి వారంలో కొద్ది రోజుల వ్యవధిలోనే ట్రయో తన మంచి పాటల్లో చాలా వాటిని ఇక్కడ రికార్డు చేసింది: ద ట్రెయిన్ కెప్ట్ ఎ-రోలిన్, హనీ హష్, లోన్‌సమ్ ట్రెయిన్, లోన్‌సమ్ టియర్స్ ఇన్ మై ఐస్, రాక్ బిల్లీ బూగీ. డ్రమ్స్ మీద బడ్డీ హార్మన్ కూర్చున్నాడు. నాష్‌విల్‌లో ఆరితేరిన సెషన్ గిటారిస్టు గ్రేడీ మార్టిన్ కూడా ఉన్నాడు. అదే నెల 22న అదే షెడ్డులో టెక్సస్ నుంచి వచ్చిన ఇంకో కుర్రాడు పాడాడు. పేరు బడ్డీ హోలీ. ఆ రికార్డింగు కూడా అప్పట్లో కంపెనీకి నచ్చలేదు. నాష్‌విల్ పెద్దలకు ఆ నెలలో రెండుసార్లు భవిష్యత్తు వినిపించింది, రెండుసార్లూ వాళ్లు పెద్దగా పట్టించుకోలేదు.

ద ట్రెయిన్ కెప్ట్ ఎ-రోలిన్ అసలు వీళ్లది కాదు. నల్లజాతి బ్యాండ్ నాయకుడు టైనీ బ్రాడ్‌షా 1951లో శాక్సఫోన్లతో హుషారుగా పాడిన జంప్ బ్లూస్ అది. ట్రయో చేతిలో దాని రూపమే మారిపోయింది. శాక్సఫోన్లు పోయాయి. వాటి స్థానంలో గిటారు మీద ఒకే చిన్న స్వరగుచ్ఛం పాట పొడవునా తిరుగుతూ ఉంటుంది. ఆ స్వరాలను కింది స్థాయిలోనూ పై స్థాయిలోనూ ఒకేసారి మీటడం వల్ల ఒక్క గిటారు రెండుగా వినిపిస్తుంది. అసలు విశేషం ఆ నాదంలో ఉంది. అది శుభ్రంగా లేదు. జాతరలో శక్తికి మించి పెంచిన మైకు సెట్టులా గరగరలాడుతుంది.

గిటారు తీగ నుంచి వచ్చే విద్యుత్ సంకేతం నున్నగా ఎగిసి దిగే అల. ఆంప్లిఫయర్‌లోని వాల్వులు దాన్ని పెంచి స్పీకరుకు పంపుతాయి. వాల్వు శక్తికి మించిన పని పడినా, దాని అమరిక చెడినా అల శిఖరాలు తెగిపోతాయి. తెగిన అలలో అసలు స్వరంతో పాటు అంతకుముందు లేని అనుస్వరాలు బోలెడు పుట్టుకొస్తాయి. చెవికి అదే గరుకుగా తగులుతుంది. ఇంజనీర్లు దాన్ని లోపంగా లెక్కగట్టేవారు. మెంఫిస్‌లో మాత్రం అది అప్పటికే చెవికి అలవాటైన శబ్దం. 1951లో శామ్ ఫిలిప్స్ స్టూడియోలో రాకెట్ 88 రికార్డు చేసినప్పుడు, దారిలో దెబ్బతిన్న ఆంప్లిఫయర్‌లో కాగితాలు కూరి పని కానిచ్చారు. హౌలిన్ వుల్ఫ్ గిటారిస్టు విల్లీ జాన్సన్ వాయిద్యంలోనూ ఆ గరుకుదనం ఉంది. బర్లిసన్ ఆయన పక్కన కూర్చున్నవాడే.

తన గరుకు నాదం ఎలా పుట్టిందో బర్లిసన్ తర్వాత చాలాసార్లు చెప్పాడు. ఒక ప్రదర్శనకు ముందు ఆంప్లిఫయర్ చేతిలోంచి జారి కింద పడింది. వాయిస్తే వింత శబ్దం. వెనక తెరిచి చూస్తే ఒక వాల్వు దాని గూట్లోంచి కాస్త బయటికి వచ్చి ఉంది. ఆ తర్వాత కావాలనుకున్నప్పుడల్లా ఆ వాల్వును వేలితో కాస్త వదులు చేసుకునేవాడినని అతను చెప్పిన మాట. ఎలక్ట్రీషియన్‌కు తగిన ఉపాయమే. కానీ ఆ రికార్డు మీద ఆ స్వరాలు మీటింది బర్లిసన్ కాదు, గ్రేడీ మార్టిన్ అని వాదించే పరిశోధకులు ఉన్నారు. బర్లిసన్ ఇతర వాయింపులతో పోల్చి, వేళ్ల నడక వేరని వాళ్లు చూపిస్తారు. వాదన ఈనాటికీ తెగలేదు. మీటిన చేయి ఎవరిదైనా, గరుకు మీద మోజు నాష్‌విల్‌ది కాదు, మెంఫిస్‌దే. చిత్రమేమిటంటే, 1961లో మార్టీ రాబిన్స్ పాడిన డోంట్ వర్రీ అనే పాటలో చెడిపోయిన పరికరం వల్ల వచ్చిన గరుకు నాదం పెద్ద హిట్టయింది, అందులో వాయించింది గ్రేడీ మార్టినే. ఆ శబ్దం కోసం అందరూ అడగడంతో ఇంజనీర్ గ్లెన్ స్నాడీ ఒక ప్రత్యేక పెట్టె తయారుచేశాడు. 1962లో మాస్ట్రో ఫజ్-టోన్ పేరుతో అది బజారుకొచ్చింది. రోలింగ్ స్టోన్స్ శాటిస్‌ఫాక్షన్ పాటలో వినిపించేది ఆ పెట్టే.

రికార్డుల మీద బృందం పేరు దగ్గరే చిక్కు మొదలైంది. టెడ్ మాక్ పోటీ గెలిచింది రాక్ అండ్ రోల్ ట్రయో. ముగ్గురిదీ సమాన వాటా. కోరల్ లేబుల్ మీదకు వచ్చేసరికి ముందు జానీ బర్నెట్ పేరు చేరింది, 'అండ్ ద రాక్ అండ్ రోల్ ట్రయో' వెనక్కి వెళ్లింది. లెక్క ప్రకారం చదివితే జానీ ఒకడు, ట్రయో ముగ్గురు, మొత్తం నలుగురని అర్థం వస్తుంది! కంపెనీకి ఈ లెక్కతో పని లేదు. ఎల్విస్ తర్వాత బజారులో అమ్ముడుపోయేది ఒక ముఖం, ఒక పేరు. వెనక వాయించేవాళ్ల పేర్లు ఎవరికీ అక్కర్లేదు. ఎల్విస్‌కు తోడున్న స్కాటీ మూర్, బిల్ బ్లాక్‌లకు జరిగింది కూడా ఇదే. తేడా ఒక్కటే, వాళ్లు ఎల్విస్‌కు అన్నలు కారు.

ఆ వేసవి అంతా ప్రయాణాలే. స్టీవ్ అలెన్, పెర్రీ కోమో టెలివిజన్ కార్యక్రమాల్లో కనిపించారు. కార్ల్ పెర్కిన్స్, జీన్ విన్సెంట్‌లతో కలిసి ఊరూరా తిరిగారు. కార్ల్ పెర్కిన్స్ బంధువు టోనీ ఆస్టిన్ డ్రమ్మర్‌గా చేరాడు, పేరులోని నలుగురి లెక్క అలా నిజమైంది. ఊళ్లు దూరం, డబ్బు తక్కువ. 1956 సెప్టెంబర్ 9న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో టెడ్ మాక్ ఫైనల్స్ వేదిక ఎక్కారు. ఔత్సాహిక పోటీలో నెగ్గుకొచ్చిన వాళ్లకు అంతకంటే పెద్ద రోజు ఉండదు. అయితే అదే రోజు ఎల్విస్ మొదటిసారి ఎడ్ సల్లివాన్ షోలో పాడాడు. దాన్ని చూసినవాళ్లు సుమారు 6 కోట్ల మంది.

ఆ శరత్కాలంలో నయాగరా ఫాల్స్ ఊళ్లో ప్రదర్శనకు వెళ్లినప్పుడు పేరు మీద అన్నదమ్ములకు మాటా మాటా పెరిగి చేతుల దాకా వెళ్లింది. ఇద్దరూ బాక్సర్లు. డార్సీ బేస్ వదిలేసి వెళ్లిపోయాడు. సరిగ్గా అప్పుడే బృందం సినిమాలో కనిపించాల్సి ఉంది. రాక్ అండ్ రోల్ అనే మాటను రేడియోలో ఊదరగొట్టి ఇంటింటికీ చేర్చిన అలెన్ ఫ్రీడ్ నటించిన రాక్, రాక్, రాక్! అనే చౌక నిర్మాణం అది. చక్ బెర్రీ, ఫ్రాంకీ లైమన్, లావర్న్ బేకర్ లాంటి వాళ్లతో నిండిన ఆ సినిమాలో ట్రయో లోన్‌సమ్ ట్రెయిన్ పాడుతుంది. కెమెరా ముందు బేస్ పట్టుకున్నది డార్సీ కాదు, జానీ బ్లాక్. అతను ఎల్విస్ బేసిస్టు బిల్ బ్లాక్‌కు తమ్ముడు. ట్రయో సినిమా తెర ఎక్కినప్పుడు అందులో ముగ్గురిలో ఇద్దరే ఉన్నారు, మూడో స్థానం కూడా ఎల్విస్ వైపు నుంచే నిండింది.

రికార్డులు అమ్ముడుపోకపోవడానికి పాటల్లో లోపం కారణం కాదు. కంట్రీ స్టేషన్లకు అవి మరీ అరుపులు. రిథమ్ అండ్ బ్లూస్ స్టేషన్లకు తెల్ల కుర్రాళ్లవి. పాప్ స్టేషన్లకు గరుకు. పాట వేయించడానికి తిరగాల్సిన కోరల్ మనుషులకు ఆ మూడు గదుల మధ్య దారి తెలియదు. పైగా 1956 సెప్టెంబర్ చివరలో ఎల్విస్ స్వయంగా లవ్ మీ టెండర్ అనే మెత్తని పాట తెచ్చాడు, గాలి అటు మళ్లింది. ఏడాది చివరలో ట్రయో పాటలు కొన్ని కలిపి ఒక లాంగ్ ప్లే రికార్డుగా వచ్చాయి. ఇప్పుడు దాని అసలు ప్రతి దొరికితే సేకరణకారులు వేల డాలర్లు పెడతారు, అప్పుడు కొన్నవాళ్లు తక్కువ. 1957 మార్చి 22న నాష్‌విల్‌లో ఇంకోసారి రికార్డింగు జరిగింది. బటర్‌ఫింగర్స్ లాంటి పాటల్లో పదును తగ్గించే ప్రయత్నం స్పష్టంగా వినిపిస్తుంది. అదీ ఫలించలేదు. ఆ ఏడాది శరత్కాలంలో బృందం విడిపోయింది. బర్లిసన్ మెంఫిస్ వచ్చేసి మళ్లీ ఎలక్ట్రికల్ కాంట్రాక్టులు పట్టాడు.

అన్నదమ్ములు రాజీపడి, కాలిఫోర్నియా చేరారు. అక్కడ వాళ్లు చేసిన మొదటి పని రిక్ నెల్సన్ ఇంటి మెట్ల మీద కూర్చోవడం. టెలివిజన్ కుటుంబ ధారావాహికతో దేశమంతా ఎరిగిన యువ గాయకుడు అతను. ఇంటికొచ్చినవాడు విననిదే కదలమని పట్టుబట్టి, తమ పాటలు వినిపించారు. అతనికి నచ్చాయి. ఇద్దరూ కలిసి రాసిన బిలీవ్ వాట్ యూ సే 1958లో నాలుగో స్థానానికి, డార్సీ రాసిన ఇట్స్ లేట్ 1959లో తొమ్మిదో స్థానానికి వెళ్లాయి. సొంత గొంతుతో దొరకని విజయం ఇంకొకరి గొంతు ద్వారా దక్కింది.

ఆ తర్వాత ఎవరి దారి వారిది. జానీ లిబర్టీ కంపెనీలో చేరి, వెనక వయొలిన్ల బృందంతో డ్రీమిన్ పాడాడు. 1960లో అది అమెరికాలో 11వ స్థానానికి వెళ్లింది. వెంటనే వచ్చిన యూ ఆర్ సిక్స్‌టీన్ అమెరికాలో ఎనిమిది, బ్రిటన్‌లో మూడు. ఈ పాటలు విన్నవాళ్లకు టేర్ ఇట్ అప్ పాడింది ఈ మనిషేనంటే నమ్మబుద్ధి కాదు. డార్సీ పాడిన టాల్ ఓక్ ట్రీ అదే ఏడాది 23వ స్థానం చూసింది. అతను క్రమంగా కంట్రీ వైపు వెళ్లాడు. 1964 ఆగస్టు 14న కాలిఫోర్నియాలోని క్లియర్ లేక్‌లో రాత్రివేళ జానీ చేపలు పడుతున్న, దీపం లేని చిన్న పడవను పెద్ద పడవ ఢీకొట్టింది. అతనికి 30 ఏళ్లు. డార్సీ 1979 ఆగస్టు 19న గుండెపోటుతో పోయాడు, 46 ఏళ్ల వయసులో.

ఈలోగా అట్లాంటిక్ అవతల ఆ పాత రికార్డులు చేతులు మారుతున్నాయి. బ్రిటన్ కుర్రాళ్లకు అమెరికా పట్టికల్లోని మూడు గదులతో నిమిత్తం లేదు. దొరికిన ప్రతి డిస్కునూ అరిగేదాకా విని వేళ్లతో నేర్చుకునేవారు. 1963లో బీటిల్స్ బీబీసీ రేడియోలో లోన్‌సమ్ టియర్స్ ఇన్ మై ఐస్ పాడారు. పాడింది జాన్ లెనన్. ఆ రికార్డింగు 1994లో గానీ ఆల్బమ్‌గా రాలేదు. అక్కడి యార్డ్‌బర్డ్స్ బృందం గిటారిస్టు జెఫ్ బెక్ ఈ ట్రయోకు వీరాభిమాని. 1965 సెప్టెంబర్‌లో అమెరికా పర్యటనకు వచ్చిన యార్డ్‌బర్డ్స్ ద ట్రెయిన్ కెప్ట్ ఎ-రోలిన్‌ను రికార్డు చేయడానికి ఎంచుకున్న చోటు మెంఫిస్, స్టూడియో శామ్ ఫిలిప్స్‌ది. అసలు ముగ్గురి పాట ఒక్కటీ విడుదల చేయని మనిషి గదిలో వాళ్ల పాట ఇంగ్లిష్ కుర్రాళ్ల చేతుల మీదుగా మోగింది.

అక్కడినుంచి ఆ పాట ఆగలేదు. 1966లో ఆంటోనియోని తీసిన బ్లో-అప్ సినిమాలో యార్డ్‌బర్డ్స్ దాన్నే మాటలు మార్చి, స్ట్రోల్ ఆన్ పేరుతో వాయించారు. పాత పాటకు హక్కులు కుదరకపోవడం వల్ల అలా మార్చాల్సి వచ్చింది. 1968 ఆగస్టులో లండన్ గెరార్డ్ వీధిలోని ఒక నేలమాళిగ గదిలో గిటారిస్టు జిమ్మీ పేజ్ ఇంకో ముగ్గురిని కూర్చోబెట్టి మొదటిసారి కలిసి వాయించి చూసిన పాట అదే. ఆ నలుగురే లెడ్ జెప్లిన్. 1980లో ఆ బృందం చేసిన చివరి ఐరోపా పర్యటనలో కచేరీలు మొదలైందీ ఆ పాటతోనే. 1974లో ఏరోస్మిత్ దాన్ని తన ఆల్బమ్‌లో చేర్చి అమెరికా స్టేడియాలకు పరిచయం చేసింది. వీళ్లందరూ టైనీ బ్రాడ్‌షా బాణీని పట్టుకోలేదు. ట్రయో అల్లిన గిటారు స్వరగుచ్ఛాన్నే పట్టుకున్నారు. 1980లో పంక్ బృందం క్రాంప్స్ టేర్ ఇట్ అప్ అందుకుంది. అప్పుడే మొదలైన రాకబిల్లీ పునరుద్ధరణలో ఈ ముగ్గురి పాటలు పాఠ్యపుస్తకాలయ్యాయి. 1974 జనవరిలో బీటిల్స్ మాజీ సభ్యుడు రింగో స్టార్ పాడిన యూ ఆర్ సిక్స్‌టీన్ అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. జానీ గొంతుతో ఎన్నడూ అందని స్థానం అది.

అన్నదమ్ముల కొడుకులిద్దరూ గాయకులయ్యారు. జానీ కొడుకు రాకీ, డార్సీ కొడుకు బిల్లీ, ఇద్దరూ 1953లో పుట్టినవాళ్లే. రాక్ బిల్లీ బూగీ పాటకు ఆ పసివాళ్ల పేర్లే కలిపి పెట్టారని కుటుంబం చెప్పే కథ. రాకబిల్లీ అనే మాటే అక్కడ పుట్టిందన్న వాదన దానికి తోకగా వస్తుంది, అంత దూరం నమ్మనక్కర్లేదు. రాకీ పాడిన టయర్డ్ ఆఫ్ టోయిన్ ద లైన్ 1980లో ఎనిమిదో స్థానానికి చేరింది. బిల్లీ 1987లో ఫ్లీట్‌వుడ్ మాక్ బృందంలో గిటారిస్టుగా చేరాడు.

బర్లిసన్ 1980ల్లో మళ్లీ గిటారు పట్టి, రాకీతో కలిసి పాత పాటలు వాయించాడు. 1989లో జర్మనీకి చెందిన బేర్ ఫ్యామిలీ కంపెనీ ట్రయో కోరల్‌కు చేసిన రికార్డింగులను ఒకచోట చేర్చి సీడీగా తెచ్చింది. 1997లో బర్లిసన్ సొంతంగా ఒక ఆల్బమ్ విడుదల చేశాడు, దానికీ ట్రెయిన్ కెప్ట్ ఎ-రోలిన్ అనే పేరే పెట్టాడు. 2003 సెప్టెంబర్ 27న మెంఫిస్‌కు దక్షిణాన, మిసిసిపీ రాష్ట్రంలోని హార్న్ లేక్‌లో 74 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. 2009లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వేడుక ముగింపులో జిమ్మీ పేజ్, జెఫ్ బెక్, మెటాలికా, ఏరోస్మిత్ గిటారిస్టు జో పెర్రీ ఒకే వేదిక మీద చేరి వాయించినది ద ట్రెయిన్ కెప్ట్ ఎ-రోలిన్.